స్మృతి చెదరిన వేళ ఏడవ అడుగు

హైదరాబాదులోని వెంగళరావు నగర్‌లో ఏ ఇంటనైనా జరుగగల దృశ్యమిది. సంధ్యాదీపం వెలిగించి భర్త పడకగదిలోనికి వస్తాడు. నాలుగు దశాబ్దాలు సహధర్మచారిణిగా మెలగిన భార్య ఆయనను చూచి బెదరి, "మీరెవరండీ? మావారు వచ్చే వేళయింది, బయటికి వెళ్ళండి" అంటుంది. ఆయన మారుమాట లేక వరండాలో కూర్చుంటాడు. ఆమె పాతివ్రత్యం చెదరలేదు. పతి రూపమే ఆమె స్మృతిలో చెదరిపోయింది.

మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆ కాలనీకి సమీపాననే, పంజాగుట్టలోని నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధమైంది. స్మృతిని గురించి ఇంత చర్చ జరిగినా, ఈ వ్యాధి దాంపత్యాంతరంగాన్ని ఏమి చేయునో పలుకువారు అరుదు. కొందరు రోగులలో అనురాగేచ్ఛ పూర్తిగా అణగిపోతుంది; కొందరిలో నిగ్రహం సడలి వేళాపాళా మరచిన ప్రవర్తన కలుగుతుంది; కొందరు జీవిత భాగస్వామి శీలాన్నే శంకిస్తారు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆల్జైమర్ వైద్యుడు పరీక్షించిన ఆగస్ట్ డీటర్ అనే మహిళలో తొలుత కనిపించిన లక్షణాలలో భర్తపై నిర్హేతుకమైన అసూయ ఒకటి.

గీతలోని ద్వితీయాధ్యాయంలో విషయచింతన మొదలు బుద్ధినాశం వరకు చెప్పబడిన క్రమాన్ని ఉదహరించి, ఈ వ్యాధి కామక్రోధాల ఫలమని తీర్పు చెప్పేవారు ఉన్నారు. ఇది అనుచితం. అక్కడ చెప్పబడినది క్రోధవశుని వివేకలోపం. ఇక్కడిది మెదడులోని కణజాలం నశించుట. మొదటిది సాధనచే నివారింపదగినది. రెండవది పరమభక్తునికైనా రాగలది. దుష్యంతుడు శకుంతలను మరచినది శాపవశాన. అందు ఆమె దోషం లేదు. అయితే కాళిదాసు నాటకంలో ఉంగరం తిరిగి దొరికింది. ఈ వ్యాధిలో దొరకదు. పాత కీర్తనయో, మల్లెల పరిమళమో క్షణకాలం గుర్తును మేల్కొలిపినా, మరల మరపు కమ్ముకుంటుంది. కనుక "నన్ను గుర్తుపట్టావా?" అని పదే పదే పరీక్షించుట ఇరువురికీ హింసయే.

వివాహవేళ వరుడు ధర్మార్థకామములందు భార్యను అతిచరింపనని ప్రమాణం చేస్తాడు. దీనికి అన్యస్త్రీని కోరకుండుట అని మాత్రమే అర్థం చెప్పుకొనుట పరిపాటి. అతిచరణమనగా హద్దు దాటుట. భీతిల్లిన భార్యను భర్తననే అధికారంతో తాకుట కూడా హద్దు దాటుటయే. మాట పోయినా దేహం పలుకుతుంది: ఆమె చేయి వెనుకకు తీసుకొన్నచో అదే నిరాకరణ. మంగళసూత్రం శాశ్వతానుమతి పత్రం కాదు. అట్లే నిగ్రహం కోల్పోయిన భర్తను సేవించే భార్య మృదువుగా చేయి తొలగించి, ధ్యాస మరల్చి, అవసరమైతే వేరు గదిలో నిద్రించినంత మాత్రాన ధర్మభంగం కాదు. ఇరువురికీ సాంత్వన నిచ్చే సాన్నిహిత్యంలో దోషమూ లేదు. తల దువ్వుట, చేయి పట్టుకొని కూర్చుండుట కూడా దాంపత్యమే. ప్రవర్తనలో ఆకస్మికంగా మార్పు వచ్చినచో దానికి నొప్పియో, ఇన్‌ఫెక్షనో, ఔషధమో కారణం కావచ్చును. సిగ్గుపడక వైద్యునికి చెప్పాలి.

వానప్రస్థ వయస్సులో కామచింత ఏలయని కొందరు ఆక్షేపించవచ్చును. వైరాగ్యం స్వయంగా వరింపవలసినది. వ్యాధి బలాత్కారంగా లాగుకొన్నది వైరాగ్యం కాదు, వియోగం. వియోగికి కావలసినది ఉపదేశం కాదు, ఓదార్పు. స్నానం చేయించి, అన్నం తినిపించి, క్రమంగా తల్లిగా మారిపోయిన భార్యలో కోరిక అణగిపోయినా, ఒంటరి రాత్రులలో అది మిగిలి వేధించినా పాపం కాదు. జీవించియున్నవారి కొరకే శోకించుట ఎంత కఠినమో అనుభవించిన వారికే తెలుస్తుంది.

అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ ఆల్జైమర్ పీడితుడైన భర్త కొరకు 2006లో పదవి వీడారు. తదుపరి సంవత్సరం, సంరక్షణాలయంలో ఆయన మరొక మహిళపై అనురాగం పెంచుకొన్నారని కుటుంబమే లోకానికి వెల్లడించింది. ఆయన ఆనందంగా ఉన్నందుకు ఆమె సంతోషించారు. ప్రతి ఒక్కరికీ ఇది సాధ్యం కాదు. సాధ్యం కానివారిని నిందింపనూ రాదు. కాని ప్రేమలో 'నాది' అనునది తొలగిన పిమ్మట ఏమి మిగులునో ఆమె చూపారు.

సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యం కొరకు. స్మృతి నశించిన వేళ మొదటి ఆరడుగులు మరుగైనా, ఆ ఒక్క అడుగు వేయుటకు గుర్తింపు అవసరం లేదు. వరండాలోని ఆ భర్త కొంతసేపటికి లేచి గుమ్మం వద్దనే నిలిచి, "మీ ఇంటికి వచ్చిన స్నేహితుణ్ణండీ. మీవారు వచ్చేదాకా ఇక్కడ కూర్చోనా?" అని అడుగవచ్చును. ఆమె తల ఊపవచ్చును. ఆయన పలికినది అసత్యం కాదు. అగ్నిసాక్షిగా ఏడవ అడుగు వద్ద ఆయన అయినది అదే.