శెర్వు అన్నందుకు

ఈమధ్య సంగారెడ్డిలో ఒక కథాపఠన పోటీ జరిగింది. నిర్వహించినవాళ్ల పేరు రాయం. పాశమైలారంలో మాత్రల ప్యాకింగ్ పనిచేసే ఒక అమ్మాయి తన కథ తానే చదివింది. ఎండిపోయిన ఊరి చెరువు మీద కథ. చదివినంతసేపూ హాల్లో ఒక్కరూ లేవలేదు. ఆమె మార్కుల కాగితం తర్వాత మా చేతికొచ్చింది. కథకు పదికి తొమ్మిది, ఉచ్చారణకు మూడు. అంచున ఎర్ర సిరాతో వరుసగా 'శెర్వు, సదువు, శీకటి, సూసింది' అని రాసి, కింద ఒక సలహా: 'చ పలకడం సాధన చెయ్యాలి.' బహుమతి మరొకరికి వెళ్లింది.

బహుమతి పోయిందని ఈ మాటలు రాయడం లేదు. ఆ సలహా అబద్ధం. అదే కథలో ఆమె 'వచ్చింది' అని చదివింది, 'పచ్చగ' అని చదివింది, 'ఇచ్చిండు' అని చదివింది. ఆ మాటల్లో ఒక్కచోట కూడా చ జారలేదు. చ పలకడం రాని నోరు 'వచ్చింది' ఎలా పలికింది? ఎర్ర సిరా పట్టిన చేతికి ఈ ప్రశ్న తట్టలేదు.

మెల్లగా ఒకసారి చ అని చూడండి. నాలుక లేచి గాలి దారిని పూర్తిగా మూస్తుంది. మరుక్షణం సన్నని సందు ఇస్తుంది, అందులోంచి గాలి రాసుకుంటూ బయటికొస్తుంది. ముందు అడ్డు, తర్వాత రాపిడి. అడ్డు వదిలేస్తే రాపిడి ఒక్కటే మిగులుతుంది. అది స అవుతుందా శ అవుతుందా అన్నది నాలుక ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. తెలుగులో చ ఒకటి కాదు, రెండు. చదువు, చూడు, చోటు, చుట్టం అన్నప్పుడు నాలుక పళ్ల వెనక్కి వస్తుంది. పాత పుస్తకాలు దాన్ని ౘ అని వేరే గుర్తుతో అచ్చువేసేవి. చెరువు, చీర, చేను, చింత అన్నప్పుడు నాలుక అంగిలి మీదికి పోతుంది. ఆ ౘ గుర్తును మన బడిపుస్తకాలు ఏనాడో వదిలేశాయి. ఆ అమ్మాయి నోరు వదల్లేదు. దంత్యమైన ౘ ఉన్నచోట ఆమె స అంటుంది: సదువు, సూసింది, సోటు, సుట్టం. తాలవ్యమైన చ ఉన్నచోట శ అంటుంది: శెర్వు, శీర, శేను, శింత. సంగారెడ్డి సంతలో ఏ ముసలవ్వనైనా అడగండి, 'శదువు' అనదు. 'శానా' లాంటి ఒకటి రెండు మాటలు దారి తప్పినట్టు కనిపిస్తాయి, అంతే. ద్విత్వం దగ్గర అడ్డు గట్టిగా, ఎక్కువసేపు నిలబడుతుంది కనుక చ్చ చెక్కుచెదరదు. వ్యాకరణం ఎవరూ నేర్పకుండానే ఇంత పొందికగా నడిచే నియమాన్ని దోషమని ఎలా అన్నారు?

ఇక చెరువు అన్న మాట సంగతి. 11వ శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు జయసింహుడి నెలవీడుల్లో, అంటే విడిది రాజధానుల్లో, పొట్టలకెరె ఒకటి. అది నేటి మన పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడ శాసనం కెరె అన్నదాన్ని తెలుగు నోరు చెరువు అంది. జహీరాబాద్ దాటి బీదర్ వెళ్తే చెరువు ఇప్పటికీ కెరె, చెవి కివి, చెయ్యి కై. మూలద్రావిడంలో అక్కడున్నది క. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు తెలుగులో అది చ అయిందని, ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పండితులు ఎప్పుడో తేల్చి చెప్పారు. అంటే న్యాయనిర్ణేత శుద్ధమనుకునే చెరువు కూడా ఒకనాటి జారుడే. క చ అయింది, చ ఇప్పుడు శ అవుతోంది. లాటిన్‌లో తలను కపుత్ అనేవారు. పాత ఫ్రెంచిలో అది చ తో మొదలైంది, నేటి ఫ్రెంచిలో షెఫ్ అయింది. ఇంగ్లీషు ఆ మాటను రెండుసార్లు అరువు తెచ్చుకుంది: చ ఉన్న కాలంలో చీఫ్, చ పోయాక షెఫ్. అవే మెట్లు. హోటల్లో షెఫ్ అని గౌరవంగా పిలిచే మనమే, మన ఊరి బిడ్డ శెర్వు అంటే ఏడు మార్కులు కోసేశాం.

మరో కాగితం మీద ఇంకొకరికి 'బారతం, బూమి: వత్తులు లేవు' అని రాశారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 అని లెక్క చెప్పాడు. ఖ, ఘ, భ ఆ 36లో లేవు. సంస్కృతపు మాటలతో పాటు వచ్చి చేరినవి అవి. వత్తు పలకనివాడు తెలుగు పలకనివాడెలా అవుతాడు? రాతకు ఒక ప్రమాణం అవసరమే, కాదనం. కానీ ఆ పోటీ రాతకు పెట్టింది కాదు.

అసలు చెవి కూడా పెంపకమే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు ఇళ్లలోని పసిపాపలు ఆరేడు నెలలప్పుడు హిందీ త, ట ల తేడా పసిగట్టారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి జారిపోయింది. పెరిగిన భాష ఇలా మలచడం పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్లలో రోజూ వినిపించే సంగతే. ఒడిశా పిల్లవాడు 'నీళ్లు' అని తేటగా అంటాడు, వాళ్ల భాషలో ళ ఉంది. బీహార్ పిల్లవాడు 'నీల్లు' అంటాడు, కానీ భ, ఘ లు అలవోకగా పలుకుతాడు. వాళ్లలో ఎవరినీ మనం చిన్నచూపు చూడం. మన పిల్లకే ఎర్ర సిరా.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. వాళ్ల నాయన ఇరవై రెండేళ్లు పవర్ ప్రెస్ మీద పనిచేశాడు. కథ రాసినప్పుడల్లా ఆమె ముందు ఆయనకే చదివి వినిపిస్తుందట. మా ముందు చదువుతూ ఆమె కాగితం మీదికి వంగగానే ఆయన ఆపాడు: "మొఖం ఇటు జెయ్యి బిడ్డా." ప్రెస్ లాంటి చప్పుడు చెవిని ఒక్కసారిగా తినదు. మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. అచ్చుల బలం చాలావరకు ఆ కింద ఉంటుంది, స రాపిడి చాలావరకు దాని పైన, శ రాపిడి దాని చుట్టుపక్కల ఉంటుంది. అందుకే అలాంటివాళ్లకు మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. ప, బ, మ లను పెదవులను చూసి పట్టుకుంటారు. క, గ లు గొంతు దగ్గర పుడతాయి కనుక కంటికి ఆనవు. పెదవుల కదలిక చెవిని ఎంత శాసిస్తుందో 1976లో మగర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు: బ వినిపిస్తూ గ పలికే ముఖం చూపితే చాలామంది ద విన్నారు. ఆయన పనిచేసిన కాలంలో ఎనిమిది గంటల పనికి హద్దు 90 డెసిబెళ్లుగా ఉండేది. చప్పుడు వల్ల వచ్చే చెవుడును ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు జబ్బుగా గుర్తించింది. ఆయన చెవిని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ పరీక్షించలేదు. బిడ్డ నోట్లో దోషమన్న ఆ స, శ లే తండ్రి చెవికి ముందు దూరమై ఉండాలి. ఆమె ప్రతి శెర్వు దగ్గరా తల ఎత్తి, ఆయన కళ్లలోకి చూసి పలికింది. ఉచ్చారణ మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లను మేము వేదికల మీద చూడలేదు.

ఆమె కథను ఈ సంచికలో ఆమె రాసినట్టే వేస్తున్నాం. మొదటి ప్రూఫులో రెండు చోట్ల మా కంపోజిటర్ అలవాటు కొద్దీ 'చెరువు' అని దిద్దాడు. రెండింటినీ కొట్టేయించి శ పెట్టించాం.