వారంటీ నిరాకరణ తుది తీర్పు కాదు

ల్యాప్‌టాప్ కొన్న కొద్ది నెలలకే తెర నల్లబడుతుంది. లోపల తడి తగిలింది, వారంటీ వర్తించదంటూ సర్వీస్ సెంటర్ తిప్పి పంపుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు. నిజానికి అది ఒక పక్షం చెప్పిన మాట మాత్రమే.

2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం రుజువైతే ధర తిరిగి చెల్లించాలని జిల్లా కమిషన్ ఆదేశించవచ్చు. ఫిర్యాదును మనం నివసించే జిల్లాలోనే, 2 ఏళ్లలోపు దాఖలు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు. అయితే అది రాజీ కుదర్చగలదే తప్ప ఆదేశించలేదు.

చిక్కంతా రుజువు దగ్గరే. లోపం పరీక్షిస్తే తప్ప తేలనిదైతే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. ఆ పరీక్ష రుసుమును ఫిర్యాదుదారునే ముందుగా కట్టమనవచ్చు. తడి తగిలిందని ఆరోపించినది సంస్థ, డబ్బు కట్టేది నష్టపోయిన మనిషి! ఇది న్యాయంగా తోచదు. పరీక్ష అవసరమైన కేసులను 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో గడువు దాటుతున్నవి ఎన్నో.

కనుక నిరాకరణకు కారణాన్ని జాబ్ షీట్‌పై రాయించుకుని, బిల్లుతోపాటు భద్రపరచుకోవాలి. ఈలోగా యంత్రాన్ని బయట మరమ్మతుకు ఇవ్వకూడదు. ఒకసారి విప్పితే, ఆ లోపం ఎవరిదన్న వాదనకు సంస్థ చేతికి మరో సాకు దొరుకుతుంది.