జైలు గేటు దాటాక పద్దు ఏది?

జైలు నుంచి వచ్చినవారికి సర్కారు సొమ్ము ఎందుకని ఎవరైనా అడిగితే మాకు కోపం రాదు. తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడిలో, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా అందే బడిలో పిల్లల్ని చదివిస్తున్నవారు అడగాల్సిన ప్రశ్నే అది. కానీ ఆ వచ్చేవారు ఎవరో కూడా చూడాలి.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివారు. మొత్తం ఖైదీల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది పదో తరగతి దాటలేదు.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. 2023లో పెట్టిన పరిమితి ప్రకారం బెయిలు సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25,000 వరకు ఇచ్చేవారు. ఏటా 20 కోట్లు కేటాయింపు. మంచిదే. అయితే ఆ డబ్బు మనిషిని గేటు దాటించి ఆగిపోతుంది. ఆ తర్వాతి అద్దె, పని, రేషన్ కార్డు సంగతి అందులో లేదు. జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి కనుక అదంతా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దయ. 2016 నమూనా జైలు మాన్యువల్‌లో విడుదల తర్వాతి సంరక్షణకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. అధ్యాయం ఉన్నంత మాత్రాన పద్దు ఉన్నట్టు కాదు గదా!

తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికీ పని ఇస్తోంది. మెచ్చుకోవాల్సిందే. కానీ వడ్రంగం, కుట్టుపని వంటివి నేర్వాలంటే లోపల తగినంత కాలం గడపాలి. ఆరు నెలలుండి బెయిలుపై వచ్చిన కూలీకి పనీ రాదు, పాత పనీ ఉండదు. అప్పటికే తల్లి రెండు చోట్ల పనికి పోతుంటుంది, పెద్దపిల్ల చంటివాణ్ని చూసుకుంటూ బడి మానేస్తుంది. ఆ ఇంటికి మూడు నెలల ఖర్చు ప్రభుత్వం ఇస్తే మేము దాన్ని చదువు ఖర్చుగానే లెక్కేస్తాం.

ఆ పద్దు వచ్చేలోగా ఉన్నదైనా అందాలి. కస్టడీలో ఉన్నవారికి 1987 చట్టం ప్రకారం న్యాయసహాయం ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, పై పథకాన్ని చూసే జిల్లా కమిటీలో సభ్యులు కూడా. అర్జీ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో రాయాల్సి వస్తే తెలుగే వచ్చిన తల్లి గడప దగ్గరే ఆగిపోతుంది. రెండు భాషలూ వచ్చిన టీచర్లు మన బడుల్లోనే ఉన్నారు.