మీటరు గుట్టు, పొదుపు రుజువు

నివాస భవనములకును ఇంధన పొదుపు భవన నియమావళిని విస్తరింపజేసి, కార్బన్ క్రెడిట్ల వ్యాపారమునకు అవకాశము కల్పించిన 2022 నాటి ఇంధన పొదుపు సవరణ చట్టము వెంట ఒక చిక్కు ప్రశ్న వచ్చినది: పొదుపును నమ్ముటెట్లు? పొదుపనునది మీటరుపై కనబడు వస్తువు గాదు. పూర్వపు వాడకమును, ఆ యేటి ఎండలను, నివాసుల సంఖ్యను లెక్కగట్టి, వాడియుండవలసిన దానిలోనుండి వాడినదానిని తీసివేయగా మిగులు శేషమే అది. ఆ లెక్కకు కావలసిన స్మార్ట్ మీటరు అంకెలైతే, ఇంటివారు తెల్లవారుజామున గీజరెప్పుడు వేసిరో, ఏ వారము తాళము వేసి ఊరికేగిరో బయటపెట్టును.

1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ ప్రతిపాదించిన శూన్యజ్ఞాన నిరూపణ పద్ధతిలో అంకెలను చూపకయే, లెక్క సరిగా జరిగినదని మాత్రము ఎదుటివానికి రుజువు చేయవచ్చును. ఆ అంకెల సంకేతముద్రను (హాష్) ముందే బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేసినచో, పిదప గుట్టుగా దిద్దుట దుస్సాధ్యము. డబ్బు చేరిన చోట దొంగలెక్కయు చేరును గనుక (ఇందు వింతయేమున్నది?) ఈ ఏర్పాటు స్వాగతార్హమే.

అయితే మీటరే అబద్ధమాడినచో, లేదా పూర్వపు వాడకమునే పెంచి వ్రాసినచో, గణితమేమి చేయగలదు? ఆ అబద్ధమును చెరగకుండ భద్రపరచుటకే బ్లాక్‌చెయిన్ తోడ్పడును. మీటర్లకు సీళ్లు, పూర్వపు లెక్కలపై స్వతంత్ర తనిఖీ ముందు ఏర్పడవలెను.