వెనక గదిలో ఎవరున్నారు?

మా అమ్మాయికి పెళ్లి కుదిరింది. సంతోషమే! కానీ పెళ్లికంటే ముందు మా ఇంట్లో చిన్నసైజు యుద్ధం జరిగింది.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదని నీకు తెలుసు కదమ్మా. నమ్మకుండా అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తే అబద్ధం ఆడినట్టేగా! మేమిద్దరం రిజిస్టరు పెళ్లి చేసుకుంటాం" అంది.

నాకు నోట మాట రాలేదు. రోజూ దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషిని నేను. పెళ్లయిన ఏడాది మొదలు వరలక్ష్మీ వ్రతం ఒక్కసారి మానలేదు. అలాంటి నా కడుపున పుట్టిన పిల్ల ముహూర్తం వద్దు, మంత్రాలు వద్దు అంటే ఎలా ఉంటుందో చెప్పండి!

"రేపు కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటావే?" అన్నాను.

"నీకు చెప్పుకుంటాను" అంది.

మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండింది. బంధువులు, లోకం, పెద్దల పరువు... నా దగ్గరున్న అస్త్రాలన్నీ తీశాను. అది ఓపిగ్గా విని, చివరికి ఒక్క మాట అడిగింది.

"సరేనమ్మా, నీ పద్ధతిలోనే చేసుకుంటాను. నన్ను పెళ్లికూతుర్ని చేసేరోజు మొదటి బొట్టు నానమ్మ చేత పెట్టిస్తావా?"

అంతే, నా నోరు మూతపడింది.

ఎందుకో మీకు చెప్పాలి. మామయ్యగారు పోయిన రెండేళ్లకు మేం ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం రోజు, గుమ్మంలోకి ఆవును తీసుకొస్తున్నారనగా "అత్తయ్యా, మీరు కాసేపు వెనక గదిలో కూర్చోండి" అన్నది నేనే. గట్టిగా కాదు, మర్యాదగానే అన్నాను. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ ఇంటి స్థలం కోసం ఒంటిమీది గొలుసు తీసిచ్చిన మనిషి ఆవిడ! పాలు పొంగినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆ సందడి ఆవిడకు గోడ అవతలనుంచి వినిపించి ఉంటుంది. అప్పటికి మా అమ్మాయికి పన్నెండేళ్లు. అది మర్చిపోలేదు. నేనే మర్చిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిణ్ని లోపలికి పంపమని నాకు ఎవరు చెప్పారు? నేను పూజించే లక్ష్మీదేవి చెప్పిందా? లేదు. వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం చెప్పింది. ఏదైనా జరగరానిది జరిగితే నామీదికొస్తుందన్న పిరికితనం చెప్పింది. వాటికి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

1995 సెప్టెంబరు 21 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్లముందు బారులు తీరిన రోజు. గిన్నెలో పాలు, చెంచా పట్టుకుని నేనూ పరుగెత్తాను. ద్రవాలకుండే తలతన్యత వల్ల పాలు చెంచాలోంచి విగ్రహం మీదికి వెళ్లి పల్చగా కిందికి జారిపోతున్నాయని, శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చూపించారు. సిగ్గేసింది. అయినా మర్నాడు పొద్దున దీపం మానలేదు. చెంచాపాల ముచ్చట పోయినంత మాత్రాన నా దేవుడు పోలేదు కదా! మరి వెనక గది ఆచారం పోతే ఎందుకు పోతాడు?

నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఎప్పటికీ కలవని రెండు ఒడ్డులని మనం అనుకుంటాం. మన తెలుగువాళ్ల చరిత్ర అలా చెప్పడం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దేవుణ్ని నమ్మినవారే. వెలికి భయపడి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్లు తానే మోసి, తానే వండి వడ్డించారు.

నాస్తికులైన గోరాగారూ, సరస్వతీ గోరాగారూ నిలబడింది కూడా ఆ పక్కనే. దేవుడు లేడన్నందుకు గోరాగారు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. పదేళ్లకే పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన సరస్వతిగారు భర్త వెనక నడిచి ఊరుకోలేదు. కడుపుతో ఉండగా గ్రహణం చూశారు. మహిమలేమీ లేవని చూపించడానికి నిప్పుల మీద నడిచారు. వితంతువులకు, దేవదాసీలకు పెళ్లిళ్లు చేయించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు.

ఆ దంపతులు తమ పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడికిచ్చి చేస్తామంటే, ఆ పెళ్లి తన సేవాగ్రామ్ ఆశ్రమంలోనే జరగాలన్నది ఎవరనుకున్నారు? నిత్యం రామనామం జపించే గాంధీజీ! ఆయన 1948 జనవరి 30న హత్యకు గురైనా, ఆ మార్చిలో పెళ్లి అక్కడే జరిగింది. రాముణ్ని నమ్మిన మనిషి, ఏ దేవుణ్నీ నమ్మని ఇంటి పెళ్లికి పెద్ద అయ్యాడంటే, వాళ్లిద్దరినీ కలిపింది మనిషి మీది గౌరవమే.

అలాగని నాస్తికులంతా బంగారమని నేననను. దేవుడు లేడని సభల్లో గంటలకొద్దీ మాట్లాడి, "మా అమ్మానాన్నల తృప్తి కోసం" అంటూ కట్నం పుచ్చుకున్న మహానుభావుల్ని చూశాను. పూజలు దండగ అంటూనే అమ్మ చేసిన పులిహోర రెండోసారి వడ్డించుకుని, కంచం తీయకుండా లేచిపోయే కొడుకుల్నీ చూశాను. దేవుణ్ని కాదనడం తేలికే. తనకు అనువుగా ఉన్నదాన్ని కాదనుకోవడమే కష్టం. ఆ మాట నాలాంటి భక్తురాళ్లకూ వర్తిస్తుందనుకోండి.

మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ప్రతి పౌరుడికీ ఇచ్చింది. నాకు దీపం పెట్టుకునే హక్కు ఎంత ఉందో, మా అమ్మాయికి దణ్ణం పెట్టకుండా ఉండే హక్కూ అంతే ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండి, ముప్పై రోజుల ముందు నోటీసిచ్చి, ముగ్గురు సాక్షులతో వివాహాధికారి ఎదుట సంతకాలు చేస్తే పెళ్లయినట్టే. ఏ మంత్రాలూ అక్కర్లేదు. ఇది లేచిపోయినవాళ్లు చాటుగా చేసుకునే పెళ్లి అని మనవాళ్లలో ఒక అపోహ. అమ్మానాన్నలు పక్కన నిలబడి సాక్షి సంతకం పెడితే అందులో తలవంపులేముంది?

మర్నాడు కాఫీలయ్యాక నేనే మాట కదిపాను. రిజిస్టరు పెళ్లికి సరేనన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో నా దీపం నేను పెట్టుకుంటాను, దణ్ణం పెట్టమని ఎవర్నీ అడగను. దానికి మా అమ్మాయి ఒప్పుకుంది. తర్వాత అత్తయ్య దగ్గరికి వెళ్లి, పెళ్లికూతుర్ని చేసేరోజు మొదటి బొట్టు మీరే పెట్టాలన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నలుగురూ ఏమంటారో అమ్మాయ్!" అన్నారు చివరికి.

"ఏమన్నా నేనే పడతాను. ఆరోజు తప్పు చేసింది నేనే అత్తయ్యా" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. దేవుడున్నాడా లేడా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తేలలేదు. తేలకపోయినా పర్వాలేదు, అన్నం తినేటప్పుడు వాదించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!

మీ ఇంట్లోనూ త్వరలో పెళ్లో, పేరంటమో ఉండే ఉంటుంది. దీపం వెలిగించేముందు ఒక్కసారి వెనక గదిలోకి తొంగిచూడండి. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే, చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకురండి.