జూన్‌లో పోయినోళ్లు, తేదీ లేనోళ్లు



జూన్ వస్తే మన గ్రూపులో పూలదండ వేసిన ఫొటోలు మొదలవుతాయి. జూన్ 9 బిర్సా ముండా. 1900లో రాంచీ జైల్లో పోయాడు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. కలరా అని జైలోళ్లు రాసుకున్నారు. ఆయన జనం ఆ మాట నమ్మలేదు. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చి ముండాల భూమి బయటోళ్ల చేతికి పోకుండా అడ్డం పడింది. గాం గంటందొర కూడా జూన్‌లోనే, 1924లో. అల్లూరి సీతారామరాజును మే 7న కాల్చేసిన నెల రోజులకు ఆయన్నీ చంపేశారు. రాజుగారి పేరుతో ఇప్పుడు ఒక జిల్లానే ఉంది. గంటందొర పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

జూన్ 11 హైమండార్ఫ్. 1995లో లండన్‌లో ముసలితనంతో పోయాడు. గిరిజనుడు కాదు, ఐనా 1940లలో మార్లవాయిలో గోండు పిల్లలకు గోండీలోనే చదువు మొదలుపెట్టించిన మనిషి. బయటివాణ్ణి ఈ వరసలో ఎందుకు పెట్టాలని కొందరు అడుగుతారు. నేనైతే పెడతా.

నా బాధ వేరే. ఈ ముగ్గురి తేదీలు మనదాకా ఎట్లా వచ్చినాయి? జైలు రికార్డుల్లో, సర్కారు కాగితాల్లో, పేపర్లలో ఎక్కినాయి కాబట్టి. కొమరం భీం సంగతి చూడండి. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో పోయాడు. ఆయన జనం ఇంగ్లీషు తేదీ పెట్టుకోలేదు, ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి చేస్తారు. తేదీ ఏటా మారుతుంది, ఐనా ఎవరూ మర్చిపోరు.

మరి మన రామసముద్రం పక్క సుగాలి తండాలు, ఎరుకల, యానాది ఇండ్లు? లిస్టులో మనకాడి పేరు ఒక్కటీ లేదు. చెప్పుకోదగ్గ మనుషులే పుట్టలేదా? 1952 దాకా నేరస్థ జాతుల చట్టం ఉండింది. ఎరుకల తాతల పేర్లు ఎక్కింది స్టేషన్ రిజిస్టర్లో, అదీ దొంగలని. హాజరు కోసం పేరు రాసుకున్నోళ్లు ఆ మనిషి ఎట్లా బతికినాడో, ఎవరికి సాయం చేసినాడో రాస్తారా? పాడేరు, ఉట్నూరు మాదిరి మనది ఏజెన్సీ కూడా కాదు, పుస్తకాలు రాసేవాళ్లు ఇటు వచ్చింది తక్కువే.

ఫొటోలు పెట్టొద్దని నేను అనడం లేదు. దాంతోపాటు ఒక్కొక్కరూ మీ ఊళ్లో పోయినోళ్లలో ఒకరి గురించి రాయండి. తండాలో మొదట బడికి పోయిన ఆడమనిషి, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన నాయక్, ఊరందరికీ కాన్పులు చేసిన అవ్వ, ఎవరైనా సరే. తేదీ తెలీకపోతే ఉగాదికి ముందా, తీజ్ అయినాకా, చెనక్కాయలు పీకే కాలమా, అట్లానే రాయండి. ఆ చట్టం ఉన్నప్పుడు పుట్టినోళ్లకు ఇప్పుడు డెబ్బై దాటినాయి. హాస్టళ్లు తెరిచేలోపే పక్కన కూర్చుని అడగండి, సెల్లులో రికార్డు చేసుకున్నా చాలు. నాకు పంపితే జూలై లిస్టు వాటితోనే మొదలుపెడదాం.