'అన్నీ కలిపి' అంటే ఏవేవి?

మన సివిల్ వాళ్లకి ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ అని ఒక సబ్జెక్టు ఉంది. ఇటుక గోడని ఘనపు మీటర్లలో, ప్లాస్టరింగ్‌ని చదరపు మీటర్లలో, ఇనుముని కిలోల్లో కొలవాలని అందులో నేర్పుతారు. కిటికీకి వదిలిన ఖాళీ అర చదరపు మీటరు దాటకపోతే ప్లాస్టరింగ్ కొలతలోంచి తీసెయ్యక్కర్లేదని ఐఎస్ 1200లో ఉంటుంది. అంత వివరం! బయటికొచ్చి చూస్తే, ఊళ్లో ఇల్లు కట్టే ఒప్పందం తరచుగా ఒక్క లైను: "అడుగుకి ఇంత, అన్నీ కలిపి." కొన్నిసార్లు అదీ విజిటింగ్ కార్డు వెనకాల.

ఇంటి పని దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి మోసం కన్నా ఆ ఒక్క లైనే కారణమని నేను అనుకుంటాను.

'అడుగు' సంగతే తీసుకోండి. ఏ అడుగు? 30 బై 40 ఇల్లు అనుకుందాం. గోడల బయటి కొలత ప్రకారం 1200 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికొస్తే 34 బై 44, అంటే 1496. తేడా 296 అడుగులు. లేబర్ రేటు 300 అనుకుంటే 88,800 రూపాయలు. యజమాని మనసులో ఉన్నది గోడల కొలత, మేస్త్రీ మనసులో ఉన్నది స్లాబు కొలత. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ స్లాబు పడ్డాక, లోన్ డబ్బు సగం అయిపోయాక ఆ తేడా బయటపడితే, అప్పుడు ఎవరి మాటా ఎవరూ వినరు.

ఇక 'అన్నీ'. పిట్టగోడ ఉందా? సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ? సెంట్రింగ్ సామాను అద్దె ఎవరిది? గోడలకి నీళ్లు పట్టేది ఎవరు? (ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే చాలా గోడలకి నీళ్లు సరిగా అందవు.)

వివరంగా రాయడం యజమాని కోసమే అనుకోవద్దు. నల్లరేగడి నేలలో పునాది అనుకున్నదానికన్నా లోతుకి పోతే ఆ అదనపు పని మేస్త్రీ నెత్తిన పడుతుంది. "5 అడుగుల లోతు దాకా ఈ రేటు, ఆపైన ప్రతి అడుగుకీ ఇంత" అని ఒక్క వాక్యం ముందే రాసుంటే ఆయన కూలీలకి జేబులోంచి ఇవ్వాల్సిన అవసరం రాదు.

"అన్నీ విడివిడిగా రాస్తే రేటు పెద్దదిగా కనబడుతుంది, పని పక్క మేస్త్రీకి పోతుంది" అంటారు. నిజమే, పోతుంది. ఒక్కడే వివరంగా రాసి, మిగతా ఇద్దరూ ఒక్క లైను రాస్తే నష్టపోయేది వివరంగా రాసినవాడే. అందుకే జాబితా తయారు చెయ్యాల్సింది మేస్త్రీ కాదు, ఇల్లు కట్టించుకునేవాళ్లు. గవర్నమెంటు టెండర్లలో పని వివరాలు, పరిమాణాలు డిపార్ట్‌మెంటే ఇస్తుంది, అందరూ దాని మీదే ఎక్సెస్సో లెస్సో కోట్ చేస్తారు. అదే ఇంటికీ చెయ్యొచ్చు. ఒకే జాబితా జిరాక్స్ తీసి ముగ్గురు మేస్త్రీలకి ఇచ్చి, రేట్ల గడులు ఖాళీగా వదిలేస్తే చాలు. అప్పుడు తక్కువ రేటు ఎందుకు తక్కువో కనబడుతుంది.

కానీ అది తెలుగులో ఉండాలి. మన రికార్డు బుక్కులో రాసే ఇంగ్లిష్ ఐటమ్ వివరణ ఒక్కోటి ఆరు లైన్లు, ఒక్క ఫుల్‌స్టాపు. అది అర్థం కాకుండా సంతకం పెట్టడం కన్నా నోటిమాటే నయం.

కవితల పోటీ ఎలాగూ పెడుతున్నాం. ఈ సెమిస్టర్‌లో మన క్లబ్బు, సివిల్ బ్రాంచి కలిసి రెండు పేజీల ఖాళీ కొటేషన్ ఫారం తెలుగులో రాస్తే ఏం? మొదటి తగువు ఏంటో నాకు ఇప్పుడే తెలుసు: పిట్టగోడ అని రాయాలా, పారాపెట్ అనా? నా ఓటు పిట్టగోడకే. మేస్త్రీలూ అదే అంటారు.